మూడు సీసాలు, మూడు చేతులు

నడిసముద్రంలో వల ఎక్కడ వేశానో ఒడ్డున కూర్చుని వేలు పెట్టి చూపించగలను. నా ఇంట్లో నా కూతురికి ఎవరు ఏ మందు ఎంత పట్టారో మాత్రం, డాక్టరమ్మ అడిగితే, చెప్పలేకపోయాను. ఇది రెండువేల మూడులో సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఒడ్డునున్న ఊరు. అప్పుడు రెండు రోజులు వేట మీద ఉండి, పొద్దున్న తొమ్మిదింటికి ఇంటికొచ్చాను. వచ్చేసరికి రమణి చాప మీద పడి ఉంది. మూడున్నరేళ్ళ పిల్ల. మామూలుగా అయితే నా గొంతు వినగానే వచ్చి వీపెక్కుతుంది. ఆ రోజు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసేసుకుంది. చాప పక్కన వాంతి చేసుకున్న తడి. మా అమ్మ ఎర్రమ్మ తడిగుడ్డతో పిల్ల నుదురు తుడుస్తోంది.

"ఎప్పటినుంచే?" అన్నాను.

"నిన్న పొద్దున్న నుంచీ జొరమేరా కామేసూ. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతాది. ఇందాకే కక్కీసింది."

"మందేటీ పట్టలేదా?"

అమ్మ గూటి వైపు చూసింది. అక్కడ మూడు సీసాలున్నాయి. ఎర్ర మందుది ఒకటి, పసుప్పచ్చ మందుది ఒకటి, బొటనవేలంత చిన్నది ఒకటి. ఆ చిన్నది ఖాళీ. మూడు రంగులు చూసి మొదట నాకు ధైర్యమే వచ్చింది. ఇన్ని మందులు పడితే జ్వరం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. బుద్ధి గడ్డి తిన్నదంటే ఇదే.

ఇంతలో పక్కింటి మంగమ్మ పిన్ని వచ్చింది. ఊళ్ళో ఎవరికి తుమ్మొచ్చినా ముందు పరిగెత్తేది ఆవిడే. మంచి మనిషి, కాదనను.

"ఎర్రది నీ పెళ్ళాం మునుపు పలాస నుంచి తెచ్చింది. అది జొరానికి. పిల్లకి పడిసెం కూడా ఉందని మా ఇంట్లో ఉన్న పసుప్పచ్చది నాను తెచ్చాను. నిన్న రెండుసార్లు పట్టాను. అయినా దిగలేదు. అందుకని మా సంటిగుంటడిది ఈ చిన్నది కూడా మీయమ్మకిచ్చాను."

"ఇంతేనా సీసా? ఇది ఎన్ని సుక్కలు పట్టాలి?"

"సుక్కలేటిరా! సంటిపిల్లలదంటే పల్చగా ఉంటాది. మూడేళ్ళదానికి సుక్కలేటి సరిపోతాయి? ఎర్రసీసా మూత నిండా పట్టమని సెప్పాను. ఏం ఎర్రమ్మా, పట్టావా?"

"పట్టాను," అంది అమ్మ, పిల్ల మొహం మీంచి చూపు తిప్పకుండా.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. అయిపోయింది."

నాకు అంతా బాగానే వినిపించింది, ఏదో బాగోలేదని కూడా అనిపించింది. ఏది బాగోలేదో తెలియలేదు. పిల్ల మళ్ళీ ఓకరించింది. ఇక ఆలోచించలేదు. సీసాలు మూడూ సంచిలో వేసుకుని, పిల్లని భుజాన వేసుకుని, అమ్మని వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. కాశీబుగ్గ బజార్లో చేపల తట్ట ముందు కూర్చున్న నా భార్య అనితని చూసి ఆటో ఆపించాను. తట్ట పక్కదానికి అప్పగించి, చేతులు కూడా కడుక్కోకుండా ఎక్కేసింది.

పలాసలో పిల్లల డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పిల్లని చూసింది, కాటా మీద నిలబెట్టి బరువు చూసింది. పన్నెండు కిలోలు. ఆ తర్వాత బల్ల మీద నేను పెట్టిన మూడు సీసాలూ ఒక్కొక్కటీ తీసి, వాటి మీద ఉన్న సన్నటి అక్షరాలు చదివింది. చదువుతుంటే ఆవిడ మొహం మారింది.

"ఎవరు ఏది ఇచ్చారు?" అంది.

"ఎర్రది నానే పట్టాను," అంది అనిత. "నిన్న తెల్లారి బజారుకొచ్చే ముందు, సాయంత్రం, ఇయ్యాల తెల్లారి. మూడుసార్లు."

"దేంతో కొలిచావు?"

అనిత నీళ్ళు నమిలింది. "మూతతో గుంట ఆడుకుంటాందండి. వంటింట్లో పెద్ద సెంచాతో పట్టాను."

"పసుప్పచ్చది?"

"పక్కింటావిడ. రెండుసార్లు," అన్నాను నేను.

"ఈ చిన్నది?"

"మా అమ్మ. మూతతో మూడుసార్లు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. కూడింది. మళ్ళీ కూడింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను: మూడూ, రెండూ, మూడూ. ఎనిమిది. ఎనిమిది ఎక్కువో తక్కువో నాకేం తెలుసు?

"చూడండి," అంది డాక్టరమ్మ. "మూడు సీసాల్లోనూ ఉన్నది ఒకటే జ్వరం మందు. పసుప్పచ్చదాంట్లో జలుబు మందు కూడా కలిసి ఉంది, అంతే తేడా. రంగు వేరు, పేరు వేరు. మీరు మూడు మందులు పట్టామనుకున్నారు. ఒకటే మందు మళ్ళీ మళ్ళీ పట్టారు."

"ఒకటేనా?" అన్నాను. సంచిలో మూడు చేపలు వేసుకొచ్చి ఇంటికెళ్ళి చూస్తే ఒకటే చేప ఉన్నట్టు, అర్థం కాలేదు.

"ఇంకొకటి. చిన్న సీసా పల్చగా ఉండదు. పసిపిల్లలు ఎక్కువ మింగలేరని చాలా చిక్కగా చేస్తారు. అందుకే చుక్కల గొట్టం ఇస్తారు. మూత నిండా అంటే, మీ పాప బరువుకి ఒక పూటకి ఇవ్వాల్సినదానికి రెండున్నర రెట్లు. అలా మూడుసార్లు. పైగా మిగతా రెండూ."

"అయితే ఏటవుద్దండి?" అంది అనిత.

"కొలత ప్రకారం పడితే మంచి మందే. ఇంత పడితే కాలేయం పాడవుతుంది. ఈ రోజు బయటికి ఏమీ కనిపించదు, రెండు మూడు రోజులకి కనిపిస్తుంది. అప్పటిదాకా ఆగకూడదు. వెంటనే విశాఖపట్నం తీసుకెళ్ళాలి. దీనికి విరుగుడు అక్కడ ఉంటుంది."

అనిత ఏడవలేదు. పిల్లని గట్టిగా గుండెకి అదుముకుని, "నా సేత్తో, నా సేత్తో" అంటూ కూర్చుంది. డాక్టరమ్మ చీటీ రాయడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. మంగమ్మ పిన్ని అక్కడ లేదు, అనితని ఏమీ అనలేను, మిగిలింది మా అమ్మ. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, నేను మొత్తం తట్ట అమ్మ నెత్తిన పెట్టాను.

"బుర్రుందేటే నీకు? ఎవులేటి సెప్తే అది పట్టీడమేనా? సీసా కాళీ అయ్యేదాకా పడతావా? గుంటకి ఏటైనా అయితే నీ మొకం సూడను, సెప్తన్నాను!"

గోడవార నేల మీద కూర్చున్న అమ్మ పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు.

"ఏటే?"

"పట్టలేదురా," అంది.

డాక్టరమ్మ రాయడం ఆపింది.

"ఏటి పట్టలేదు? ఇంటికాడ పట్టానన్నావు. ఇక్కడా ఊరుకున్నావు. సీసా కాళీగా ఉంది. పట్టకపోతే మందు ఏటయ్యింది?"

"నానే తాగీసాను."

నాకు బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. పట్టానంటే నమ్మానే, పట్టలేదంటే ఎలా నమ్మడం? నేను అరిచానని భయపడి మాట మార్చిందేమో. ఏది నిజమనుకుని పిల్లని ఏ బండెక్కించాలి?

డాక్టరమ్మ లేచి వచ్చి అమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "అమ్మా, నిన్ను ఎవరూ ఏమీ అనరు. నువ్వు చెప్పేదాని మీద పాప ప్రాణం ఉంది. పాప నోట్లో ఎంత పోశావు?"

"సుక్క కూడా పొయ్యలేదమ్మా. మూతలో పోశాను. గుంట నోటికాడికి తెచ్చాను. సెయ్యి ఆగిపోనాది. ముందు నాను తాగుతాను, సాయంత్రం దాకా నాకేటీ అవ్వకపోతే అప్పుడు దానికి పడదామనుకున్నాను. సాయంత్రమూ బయమే వేసింది. మళ్ళీ తాగాను. ఇయ్యాల పొద్దున్నా అంతే."

"పారబోయొచ్చు కదా?"

"పారబోత్తే ఏ కోడో తినీదా తల్లీ? అదీ పేణమే కదా."

"ఎలా ఉంది రుచి?"

"తియ్యగానే ఉంటాది. మింగినాక సేదు."

డాక్టరమ్మ అమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. విశాఖకి ఫోన్ చేసి అక్కడి డాక్టరుతో మాట్లాడింది. ఇంగ్లీషులో ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. ఫోన్ పెట్టేసి, "ఈవిడ చెప్పింది నిజమైతే పాప ఒంట్లోకి వెళ్ళింది ఎక్కువే గానీ గండం కాదు. కాకపోతే మాట మీద వదిలెయ్యలేను. ఇప్పుడు రక్తం తీస్తాను. రేపు మళ్ళీ తీస్తాను. రిపోర్టులో కాస్త తేడా కనిపించినా బండెక్కించేస్తాను. అంతవరకూ ఆ మందు ఒక్క చుక్క కూడా వద్దు," అంది.

మర్నాటి దాకా ఎలా గడిచిందో చెప్పలేను. ఒక గంట అమ్మ మాట నిజమనిపించేది, మరో గంట అబద్ధమనిపించేది. జ్వరం దిగలేదని అందరూ ఎందుకు మీద మీద పట్టారో కూడా తలకెక్కలేదు. అమ్మ పట్టి ఉంటే పిల్ల ఏమయ్యేదో! అమ్మ పట్టలేదని మొదటే చెప్పి ఉంటే మంగమ్మ పిన్ని తన పసుప్పచ్చది మళ్ళీ పట్టేసేదేమో! అమ్మని తిట్టాలో, కాళ్ళు పట్టుకోవాలో తేలక ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగాను.

రెండో రక్తం కూడా బాగానే వచ్చింది. జ్వరం దానంతటదే దిగింది. రమణి బన్ను ముక్క అడిగి తిని, ఇంకోటి అడిగింది. అనిత అప్పుడు ఏడ్చింది. డాక్టరమ్మ కొత్త సీసా ఒకటి ఇచ్చి, ఇంట్లో ఒక్కరే పట్టాలని, సీసాతో వచ్చిన మూతతోనే గీత దాకా కొలవాలని, పట్టిన వేళ గుర్తుపెట్టుకుని మళ్ళీ ఆరు గంటలు ఆగాలని, రోజుకి నాలుగుసార్లు దాటకూడదని, వేరే ఏ మందైనా చూపించకుండా కలపకూడదని అనిత చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

వచ్చేస్తుంటే అమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"డాక్టరమ్మా, నాను తాగినాను కదా. నా కిడ్నీలు పోతాయా?"

"పోవమ్మా. పెద్దవాళ్ళకి అదేం ఎక్కువ కాదు. అయినా ఇది కిడ్నీలు తినేసే మందు కాదు."

"కాదా?" అంది అమ్మ. మొహంలో సంతోషం రావాల్సింది, రాలేదు. "మరి మా కామేసు నాన్న? లోకనాథం అండి. కిడ్నీలు పోయి సచ్చిపోనాడు. వల లాగి వత్తే ఒళ్ళంతా నొప్పులని ఏడిసేవోడు. కొట్లో నొప్పి బిళ్ళలు తెచ్చి, దినానికి రెండేసి, ఈ సేత్తోనే ఇచ్చీదాన్ని. ఎనిమిదేళ్ళు. నొప్పి బిళ్ళలే కిడ్నీలు తినీత్తాయని తరవాత ఊరికొచ్చి రక్తాలు తీసినోళ్ళు సెప్పారు. ఇంగిలీసు మందులన్నీ అంతేనేమోనని, మళ్ళీ ఈ సేత్తో ఎవులికీ మందు ఇవ్వలేదు."

నాన్న పోయి పదేళ్ళు. ఆ మాట అమ్మ నాతో ఏనాడూ అనలేదు. నేనూ ఏనాడూ అడగలేదు.

"ఆ బిళ్ళలు వేరమ్మా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "అవి ఏళ్ళ తరబడి వాడితే మంచిది కాదు."

"అయితే నానే సంపీసానా?"

"అలా అనకమ్మా. మీ ప్రాంతంలో ఆ బిళ్ళలు ముట్టనివాళ్ళకీ కిడ్నీలు పోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

అమ్మ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. ఆ చెయ్యి పట్టుకుని, "నువ్వు కాదే అమ్మా," అన్నాను. అది నిజమో కాదో నాకూ తెలియదు.