మబ్బులో మంచుపలుకులు

ఇందుజ ఉద్యోగం హిమాలయాల్లో, మబ్బులు నేలను రాసుకుంటూ పోయే ఓ కొండమీది పరిశోధనశాలలో. మబ్బులోకి వెళ్లి నిలబడి, అందులో తేలే మంచుపలుకుల్ని గాజుపలక మీద పట్టి, కరిగేలోపు సూక్ష్మదర్శినిలో చూడాలి. "మా అమ్మాయి మబ్బుల్ని పడుతుందండి" అని తండ్రి సత్తియ్య కొల్లేరు ఊళ్లన్నిటా చెప్పుకునేవాడు. ఆయనది చేపల చెరువు.

మే నెలలో ఓ మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు.

"ఉత్తరాన మబ్బేసిందమ్మా. పడవేసుకెళ్లి చేపలకి మేత సంచులు కట్టి రానా, ఆగనా?"

ఇందుజ ఫోన్లోనే రాడార్ చిత్రం తెరిచింది. "ఇంకా నల్లజర్ల మీదే ఉంది నాన్నా. గంట పడుతుంది. వెళ్లొచ్చెయ్."

ఆ చిత్రం అరగంట పాతది. మూలన వేసిన టైము ఆమె చూసుకోలేదు. అరగంటకే చెరువు మీద పిడుగు పడింది. పక్క చెరువు నాగదుర్గారావు పడవను ఒడ్డుకు లాగేసరికే సత్తియ్య ప్రాణం పోయింది.

ఊరొచ్చిన ఇందుజ దినకార్యాలు అయ్యేదాకా ఆ ఫోన్ మాట ఎవరికీ చెప్పలేదు. చుట్టాలు వెళ్లిపోయాక తల్లి గంగారత్నం అడిగింది.

"నీళ్ల మబ్బులో అంత నిప్పెక్కడిదమ్మా?"

"మంచు వల్లేనమ్మా. పైన ఎంత చలైనా నీటి తుంపర వెంటనే గడ్డకట్టదు. దుమ్ముకణం ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని పలుకవుతుంది. ఆ పలుకులు చిన్నచిన్న వడగళ్లకు తగిలి రాసుకుంటే కరెంటు పుడుతుంది. కొండమీదైనా, మన చెరువు మీదైనా అంతే."

ఇందుజ చేతిలోని ఫోన్ నేల మీద పెట్టేసింది. "నాన్న నన్ను అడిగే వెళ్లాడమ్మా. నేను సరిగ్గా చూడలేదు."

గంగారత్నం అంది:

"తెలుసు. నన్నూ అడిగాడు. ఆగమన్నాను. అమ్మాయి పర్లేదందిలే అని వెళ్లాడు."

ఇన్ని రోజులూ ఇంటికొచ్చిన వాళ్లెవరితోనూ ఆవిడ ఆ మాట అనలేదు. లేచి లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ పూట ఇద్దరూ తినలేదు.

వారం తర్వాత ఏలూరు స్టేషన్‌కి తల్లి కూడా వచ్చింది. రైలు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, కూతురి మొహం చూడకుండా అంది:

"ఇంకెవరన్నా అడిగితే, తెలీనప్పుడు తెలీదని చెప్పమ్మా."

ఇందుజ తలూపింది. తాడేపల్లిగూడెం దాటేదాకా ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూడలేకపోయింది.