మగదిక్కు

గుండెపోటుతో పోయిన జకర్యాని సమాధి చేసి ఇంటికొచ్చిన సాయంత్రమే, జకర్యా అన్నయ్య, తండ్రిని పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ ఎరిక్ భుజం మీద చెయ్యేసి, "ఇక ఈ ఇంటికి మగదిక్కువి నువ్వేరా. మమ్మీనీ అక్కనీ నువ్వే చూసుకోవాలి" అన్నాడు. అందరూ కళ్ళొత్తుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. వీళ్ళు గడ్డం రాకముందే ఆ పసివాడి బిడ్డతనం లాగేసుకుంటున్నారు. చావింట్లో నోరు పారేసుకోకూడదని ఊరుకున్నాను.

జకర్యా భార్య కాంతమణి నా చెల్లెలు. మారేడ్‌పల్లిలో ఒక బడిలో టీచరు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి నేను మౌలాలి నుంచి వచ్చి వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

ఆ ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన. ముందు ఆడవాళ్ళూ పిల్లలూ తలా ఒక మనవి చెప్పుకుంటారు. పరీక్షలనో, మోకాలి నొప్పనో. జకర్యా అన్నీ విని అందరి కోసం ప్రార్థించేవాడు. తనకంటూ ఏనాడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఆ పని ఎరిక్‌కి వచ్చింది. అక్క డోరా వాడికంటే పెద్దది, చక్కగా ప్రార్థిస్తుంది. అయినా దాని పేరే ఎవరూ ఎత్తలేదు. వీడు తండ్రిలాగే గొంతు బరువు చేసుకుని మా పేర్లన్నీ చెప్పేవాడు. "నీ మనవేంట్రా?" అంటే "నాకేం లేదు పెద్దమ్మా" అనేవాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు అచ్చం నాన్నేనని మురిసిపోయేవారు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ వాడు ఒక్కసారీ ఏడవలేదు. అది మాత్రం ఎవరికీ వింతగా తోచలేదు.

ఒకరోజు పొద్దున్నే పక్కలు తీస్తూ డోరా కేక పెట్టింది. ఎరిక్ దిండు మీద చీమూ నెత్తురూ. వాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, "కర్ణభేరికి చిల్లు పడింది. ఎన్నాళ్ళ నుంచో నొప్పి ఉండుంటుంది. పిల్లాడు చెప్పలేదా?" అన్నాడు.

ఇంటికి రాగానే కాంతమణి కసిరింది. "ఎందుకు చెప్పలేదురా? నోరు లేదా నీకు?"

"నువ్వు పరేషాన్ అవుతావని."

"ఎవరు నేర్పార్రా ఈ మాటలు?"

"డాడీ. గుండెలో నొప్పి వస్తోందని నాకొక్కడికే చెప్పాడు. మమ్మీకీ అక్కకీ చెప్పొద్దు, ఆడవాళ్ళు భయపడతారు, మనం మగాళ్ళం కదా అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు మమ్మీ."

ఆ చివరి మాట గర్వంగానే అన్నాడు. అన్నాక మా మొహాలు చూశాడు. గొంతు సన్నబడిపోయింది.

"చెప్పుంటే డాడీ బతికేవాడా?"

అంతా దేవుడి చిత్తమని ఏదో సర్దబోయాను. కాంతమణి చేత్తో వారించింది.

"తెలీదు నాన్నా" అంది. "నాకు తెలిసుంటే ఆస్పత్రికి లాక్కెళ్ళేదాన్ని. భయపడుతూనే లాక్కెళ్ళేదాన్ని. కానీ ఆ మాట నీ చేత దాచిపెట్టించాడు చూడు, అది డాడీ తప్పు. నీది కాదు."

పోయినవాణ్ణి ఆ ఇంట్లో తప్పు పట్టడం అదే మొదలు. ఎరిక్ కాసేపు పళ్ళు బిగించి ఆపుకున్నాడు. తర్వాత తల్లిని పట్టుకుని బావురుమన్నాడు. చెవి నొప్పంటూ, డాడీ కావాలంటూ ఏడ్చాడు. కాంతమణి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. వాడి కాళ్ళు నేలకి ఆనుతున్నా వదల్లేదు.