ఇంటికప్పు పట్టిన చెయ్యి

సాయంత్రమయ్యేసరికి ఆ వీధి మగవాళ్ళ నడకలో వేగం పెరుగుతుంది. బస్సు దిగినవాళ్ళు, సైకిలు ఆపి కబుర్లలో పడ్డవాళ్ళు ఉన్నట్టుండి "వస్తా మరి, ఇంటికప్పు దిగుతుంది" అని కదిలిపోతారు. అదేమిటని ఎవరూ అడగరు. అక్కడి ఇళ్ళకప్పులకి దిగే అలవాటుంది. పట్టించుకోకపోతే మెల్లమెల్లగా, ముసలాయన కుర్చీలోకి ఒరిగినట్టు, కిందికి జారుతూ వస్తాయి. అందుకని ఇంటి మగవాడు వచ్చి కుడి అరచెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. పట్టుకునే భోజనం, పట్టుకునే పిల్లల ముద్దుమురిపాలు, పట్టుకునే నిద్ర.

నిద్రకోసం ప్రతి ఇంట్లోనూ ఒక ఎత్తుమంచం ఉంటుంది, పడుకున్నా చెయ్యి కప్పుకి అందేలా. పెళ్ళాం పిల్లలు కింద మామూలు మంచాలమీద పడుకుంటారు. మరి సంసారాలెలా సాగుతాయని అడక్కండి, ఎలాగో సాగుతున్నాయి, పిల్లలు పుడుతూనే ఉన్నారు. పొద్దున్నే పనికి వెళ్ళేముందు మగవాడు కప్పుని మూడుసార్లు తట్టి, "నేనొచ్చేదాకా ఆగు" అంటాడు. కప్పు ఆగుతుంది. మగవాడి మాటంటే అంత విలువ మరి. సెలవురోజున మాత్రం పొద్దుటినుంచీ పట్టుకునే ఉండాలి కాబట్టి సెలవంటేనే అక్కడి మగవాళ్ళకి ఒళ్ళుమంట.

ఆ వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. అతని తండ్రి ఎత్తుమంచం మీద, చెయ్యి పైకెత్తి ఉండగానే పోయాడు. ఎంతమంది నొక్కినా ఆ చెయ్యి దిగలేదు. గుమ్మం దగ్గర మనిషిని ఏటవాలుగా వంచి బయటికి తేవాల్సొచ్చింది. "మగాడంటే ఆయనరా" అంది వీధంతా. అప్పటికి దర్జీకి మీసం కూడా సరిగ్గా రాలేదు. నాన్నా అని ఏడవబోతుంటే వెనకనుంచి ఎవరో "చెయ్యెత్తరా, కప్పు దిగుతోంది" అన్నారు. చెయ్యెత్తాడు. ఏడుపు మాత్రం గొంతులో ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఇప్పుడతనికి పెళ్ళయింది, ఇంకా బడికి వెళ్ళని కూతురుంది, తల్లి ఉంది. బజారులోని పెద్ద బట్టల దుకాణంలో కోట్లు కత్తిరిస్తాడు. అతను కత్తిరిస్తే రెండోసారి కొలత చూడక్కర్లేదని పేరు. అయితే ఈ మధ్య కుడిభుజం నుంచి వేళ్ళదాకా ఒకటే తిమ్మిరి. మొన్న బ్యాంకు మేనేజరు కోటుగుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర జారి, భుజం దగ్గర గీత దాటిపోయింది. యజమాని గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కళ్ళజోడు మార్చుకోండి. ఇంకోసారి ఇలా అయితే కత్తెర ఇంకొకరికిచ్చి మిమ్మల్ని బొత్తాల బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సొస్తుంది."

డాక్టరు చెయ్యి వంచి చూశాడు, తిప్పి చూశాడు. "దీన్నొక నెల్లాళ్ళు కిందికి దించి ఉంచాలి. లేదంటే కత్తెర సంగతి మరిచిపోండి."

"మరి ఇంటికప్పో?"

డాక్టరు తన కుడిభుజం తనే నొక్కుకుంటూ ఎడమచేత్తో చీటీ రాయడం మొదలెట్టాడు. "మందు రాస్తున్నాను. పని చెయ్యదు. నేను వాడేదీ ఇదే."

దర్జీ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. "అలా ఉన్నారేం?" అని భార్య అడిగితే "ఏం లేదు" అన్నాడు. ఆ మాటొక్కటి వస్తే చాలు, ఆ వీధిలో మగవాడిగా బతికెయ్యొచ్చు.

అతని భయమల్లా వీధిచివరి పెద్దాయనలా అయిపోతానేమోనని. భార్య పోయిన దగ్గర్నుంచి ఆ పెద్దాయన ఇంటికప్పు మాట వినడం మానేసింది. పాపం, పొద్దున్న తట్టి చెప్పి వెళ్తాడు, సాయంత్రం వచ్చేసరికి అది కిటికీ పైఅంచుదాకా దిగి ఉంటుంది. రాత్రంతా పట్టుకున్నా అది మళ్ళీ పైకి పోదు. ఇంట్లో వంగి తిరిగి తిరిగి, ఇప్పుడు బయటా వంగే నడుస్తున్నాడు. "పెళ్ళాం కోసం ఆడదానిలా ఏడ్చాడు, మాటకి పట్టు పోయింది" అని జనం తేల్చేశారు. వంగుడాయన అని పేరు కూడా పెట్టారు. దర్జీ కూడా అలాగే పిలిచాడు, ఒకటి రెండుసార్లు నవ్వాడు కూడా.

ఒక సెలవురోజు. పొద్దెక్కింది. దర్జీ ముందుగదిలో నిలబడి కప్పు పట్టుకున్నాడు. ఎవరూ చూడనప్పుడు ఎడమచేత్తో కుడి మోచేతికి ఆసరా ఇస్తున్నాడు. తల్లి కిటికీ దగ్గర కూర్చుని గింజల్లో రాళ్ళేరుతోంది. భార్య ఇస్త్రీ చేస్తూ చేస్తూ మధ్యలో పిండి కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఇస్త్రీపెట్టె బల్లమీద వేడిగా ఉంది. కూతురు కిందనుంచి దాని తీగ పట్టుకుని లాగుతోంది.

"వద్దమ్మా! వదులు!"

తండ్రి వద్దంటే ఆ పిల్లకి ఇంకా హుషారు. ఇస్త్రీపెట్టె బల్ల అంచుకొచ్చింది. దర్జీ ఎడమచెయ్యి చాచాడు, అందలేదు. కుడిచెయ్యి కదిలితే కప్పు కూలుతుంది. చిన్నప్పటినుంచీ విన్నది అదే. అయినా కప్పు వదిలేసి ఒక్క ఉరుకులో పిల్లని ఎడమచేత్తో లాగేశాడు. ఇస్త్రీపెట్టె వెనకాల దబ్బున పడి, చాప మూల కాలింది.

కప్పు కిర్రుమంది. దర్జీ పిల్లమీదికి వంగి కళ్ళు మూసుకున్నాడు. అందరం అయిపోయాం అనుకున్నాడు.

ఏమీ అవలేదు. కళ్ళు తెరిచి చూస్తే వంటింటి గుమ్మంలో భార్య. మొహం పొయ్యివైపే ఉంది. పిండి అంటిన చెయ్యొకటి పైకెత్తి, తెరుచుకున్న అల్మారా తలుపు మూసినంత మామూలుగా కప్పుని పైకి నెట్టేసి, "అత్తయ్యా, పాలు పొంగుతున్నాయి, నా చేతులు పిండి. కాస్త దించుతారా?" అంటోంది. కప్పు కిర్రుమనగానే అలవాటుకొద్దీ చెయ్యి లేచింది, మొగుడు చూస్తున్నాడని ఇటు తిరిగాక గాని ఆవిడకి తట్టలేదు. నాలిక కరుచుకుంది.

"ఏం చేశావిప్పుడు?" అన్నాడు దర్జీ.

"ఏం లేదు" అంది భార్య.

తల్లి గింజల పళ్ళెంతోనే వెళ్ళి పాలు దించింది. దర్జీ లేచి వెనకే వంటింట్లోకి నడిచాడు. పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు గాని వంటింటికప్పు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. తలెత్తి చూశాడు. కప్పు నిండా అరచేతుల ముద్రలు. పిండివి, మసివి, సబ్బునురగవి. అన్నీ భార్య చేతివే. వాటి వెనక మాసిపోయిన పాత ముద్రలు, చిటికెనవేలు వంకరగా ఉన్నవి. తల్లి చేతికి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ చిటికెనవేలు వంకర లేదు.

"పగలు కూడా దిగుతుందా?"

"దిగుతుంది. మధ్యాహ్నాలు ఇంకొంచెం ఎక్కువ."

"మరి నేను రోజూ ఆగమని చెప్పి వెళ్తున్నానుగా?"

అత్తాకోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నవ్వొస్తున్నట్టే ఉంది గాని ఆపుకున్నారు.

"చెప్పండి, తప్పేముంది?" అంది భార్య.

"రోజంతా ఎలా పట్టుకుంటున్నావు, ఇంత పని పెట్టుకుని?"

"రోజంతా ఎవరు పట్టుకున్నారు? ఒకసారి పైకి నెడితే ఒక పూట ఉంటుంది. ఎవరు నెట్టినా ఉంటుంది. మీరలా రాత్రంతా చెయ్యి పెట్టి ఉంచితేనే దానికి అలుసు. ఆసరా దొరికితే ఎవరైనా ఆనుకుంటారు." ఆవిడ పిండి చేతులు దులుపుకుంది. "కాకపోతే ఇల్లు కదలడానికుండదు. మా అమ్మ మంచానపడితే పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేశానే, ఎందుకనుకున్నారు? అత్తయ్యకిప్పుడు చెయ్యి అందదు. నాకు మీమీద బెంగ అనుకుని మురిసిపోయారు మీరు."

"ఒక్కమాట చెప్పచ్చుగా?"

"చెబితే మగవాళ్ళు చిన్నబోతారని మా అత్తగారు నాతో అంది" అంది తల్లి. "నేను దీంతో అన్నాను."

"నాన్నకి కూడా చెప్పలేదా?"

తల్లి చేతిలోని గింజలు పళ్ళెంలో వదిలేసింది. "లేదురా. నిద్రలో భుజం పట్టుకుని మూలిగేవాడు. లేపి అడిగితే ఏం లేదనేవాడు. ఆయన ఏం లేదంటున్నాడుగా అని నేనూ ఏం లేనట్టే ఉండిపోయాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. మనిషినే కాపాడుకోలేదు."

దర్జీకి కోపం వచ్చింది. తల్లిమీద వచ్చింది, తండ్రిమీద వచ్చింది, "చెయ్యెత్తరా" అన్న ఆ ఎవరిమీదో వచ్చింది. అరుద్దామని నోరు తెరిచాడు. తీరా వచ్చిన మాట వేరు.

"చెయ్యి నొప్పిగా ఉందమ్మా. చాలా రోజుల్నుంచి."

అన్నాక గాని తెలియలేదు, తను ఏడుస్తున్నాడని. ఎప్పుడో తండ్రి పోయిన రోజున ఆగిపోయిన ఏడుపు అది, పెరిగి పెద్దదై వచ్చింది. కప్పు ఇసుమంతైనా దిగలేదు. కుడిచెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా. చూసి తల్లి గతుక్కుమంది. అలాంటి చెయ్యి ఆవిడ ఇంతకుముందోసారి చూసింది.

నూనె వెచ్చబెట్టారు. భార్య భుజం దగ్గర, తల్లి మోచెయ్యి దగ్గర కూర్చుని రాశారు. చెయ్యి మొరాయించింది. తల్లి దాంతో మాట్లాడింది, తిట్టింది, "నా నాయనవి కదూ, దిగరా" అని బతిమాలింది. చివరికి తుప్పుపట్టిన గడియలా చప్పుడు చేస్తూ కొద్దికొద్దిగా దిగి, అతని ఒళ్ళో వాలింది.

"నాన్నకి రెండో చెయ్యి కూడా కిందికొచ్చింది!" అని కూతురు కేకపెట్టి వచ్చి ఆ చేతులమధ్య దూరింది. దర్జీ కుడిచెయ్యి మెల్లగా పిల్ల వీపుమీదికి జరిపాడు. పిల్ల ఇంత చిన్నగా ఉంటుందా అనుకున్నాడు. ఒకచేత్తో ఎత్తుకున్నంతకాలం బరువే తెలిసింది.

చెయ్యి సంగతి ఏమైందో ఇప్పుడే చెప్పేస్తే మీకూ నిమ్మళం. ఎత్తుమంచం కాళ్ళు కోయించారు. నెల తిరిగేసరికి తిమ్మిరి పోయింది, బ్యాంకు మేనేజరు కోటు కొత్తగుడ్డలో వెంట్రుకవాసి తేడా లేకుండా తెగింది, కత్తెర అతని దగ్గరే ఉంది. భార్య పుట్టింటికెళ్ళి వారంపాటు తల్లి దగ్గర ఉండొచ్చింది. ఆ వారం దర్జీ మధ్యాహ్నం ఇంటికొచ్చి కప్పు నెట్టి వెళ్ళేవాడు, సగం రోజులు మరిచిపోయి పరిగెత్తుకొచ్చేవాడు.

కానీ ఆ సెలవురోజే ఇంకొకటి జరిగింది. కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న దర్జీకి ఉన్నట్టుండి వీధిచివరి పెద్దాయన గుర్తొచ్చాడు.

"అయితే ఆయన ఇంటికప్పు..."

"ఆవిడ పోయాక పగలు నెట్టేవాళ్ళు లేరు" అంది భార్య. "మాకు తెలుసు. ఒంటరి మగాడింటికి ఆడవాళ్ళు ఎలా వెళ్తారు? వెళ్తే ఏమంటారు?"

దర్జీ చెప్పులేసుకుని బయల్దేరాడు. పెద్దాయన తలుపు తీశాడు, నడుందాకా వంగి, కళ్ళు మాత్రం పైకెత్తి. దర్జీ తనూ వంగి లోపలికెళ్ళి, ఎడమచెయ్యి కప్పుకి ఆనించి పైకి నెట్టాడు. కదల్లేదు. ఇంకోసారి నెట్టాడు. చాలాకాలంగా ఎవరూ పలకరించని మనిషిలా అది కాసేపు తటపటాయించి, ఆ తర్వాత కిటికీ దాటి, పైనున్న గోడమేకులు దాటి, దాని చోటికి అది వెళ్ళిపోయింది. దర్జీ చెయ్యి తీసేశాడు. అది అక్కడే ఉంది.

జరిగిందంతా చెప్పాడు. వింటున్నకొద్దీ పెద్దాయన నడుము, ఒక్కో ఎముకా చప్పుడు చేస్తూ, నిటారుగా లేచింది.

"అయితే, ఇన్నాళ్ళూ మా ఆవిడేనా?"

"ఆవిడేనండీ."

"అంటే నేను ఏడ్చినందుకు కాదన్నమాట."

"కాదు బాబాయ్."

పెద్దాయన తలెత్తి కప్పుకేసి చాలాసేపు చూశాడు. తర్వాత నిటారుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"మంచిమాట చెప్పావు నాయనా. ఇంకా కొంచెం మిగిలిపోయింది" అని, కళ్ళజోడు తీసి పక్కనపెట్టి, తాపీగా ఏడవడం మొదలుపెట్టాడు. దర్జీ ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఏడవడం అయ్యేదాకా కూర్చున్నాడు.