పోలాల అమావాస్య ఇవాళా, రేపా

అలివేలుమంగగారింట్లో ఆ ఏడు పోలాల అమావాస్య ఒక గోడ మీద సోమవారం వచ్చింది, ఇంకో గోడ మీద మంగళవారం వచ్చింది.

వంటింటి గోడకున్నది భీమవరంలో ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన కాలెండరు. అది సోమవారం అంటుంది. వీధిగదిలో ఉన్నది కోడలు నాగవల్లి పుట్టింటివాళ్ళు కాకినాడ నుంచి పంపింది. అది మంగళవారం అంటుంది. రెండింటి మీదా లక్ష్మీదేవి ఒకేలా నవ్వుతోంది, కాబట్టి ఆవిణ్ణి అడిగి లాభం లేదు.

మామూలు అమావాస్య అయితే ఎవరూ పట్టించుకోరు. ఇది బిడ్డ చల్లగా ఉండాలని తల్లి ఉపాసం ఉండి, కంద మొక్కకి పూజ చేసి, పసుపుకొమ్ము తోరం బిడ్డ చేతికి కట్టే రోజు. నాగవల్లికి పెళ్ళయిన ఆరేళ్ళకి ప్రణతి పుట్టింది. పిల్లకి ఇంకా మెడ నిలబడలేదు. పిల్ల పుడితే కోడలిచేత ఈ నోము పట్టిస్తానని అలివేలుమంగగారు మొక్కని దేవత గోదావరి జిల్లాల్లో మిగల్లేదు. అంచేత రోజు తప్పిందంటే పిల్ల మీద కోపమొచ్చే దేవతలు కూడా అంతమందే.

సోమవారం పొద్దున్నే నాగవల్లి కాఫీ కూడా మానేసి తలంటుకుంది. పాలకొల్లు సంతలో కొన్న కంద మొక్కని, పక్కన పిలక మొక్కతో సహా, పీట మీద పెట్టింది. ఆడపిల్ల కాబట్టి నైవేద్యానికి గారెలు వండింది. తినడానికి వీల్లేని గారెల వాసన మనిషిని ఎంత దూరం తీసుకెళుతుందంటే, ఆమె అప్పటికే మనసులో కాకినాడ దాకా వెళ్ళొచ్చింది.

పూజకి కూర్చోబోతుంటే ఫోను మోగింది. కాకినాడ నుంచి వాళ్ళమ్మ లోవలక్ష్మి.

"ఏం చేస్తున్నావే వల్లీ?"

"పూజకి కూర్చుంటున్నానమ్మా."

"ఇవాళెందుకే? పోలాల రేపు కదా."

అలివేలుమంగగారు వచ్చి రిసీవరు అందుకున్నారు.

"వదినగారూ, బాగున్నారాండి?"

"మీ దయవల్లండి."

"అమావాస్య ఇవాళేనండి."

"మాకు రేపండి వదినగారూ."

"భీమవరానికీ కాకినాడకీ చంద్రుడు వేరేనాండి?"

"అయ్యో, మీకు చెప్పేంతదాన్నాండి. మనవరాలు మీ ఇంటి పిల్ల, మీ ఇష్టం. రేపు ఏదన్నా తేడా వస్తే మాత్రం, కాకినాడ వదిన చెప్పలేదనుకోకండి."

ఇంత మర్యాదగా పొడుచుకోవడం అటు విజయవాడ దాటితే ఎవరికీ రాదు. ఫోను పెట్టేసేసరికి రిసీవరు మీద గారె వేయించుకోవచ్చు.

కానీ ఆ ఆఖరి మాట అలివేలుమంగగారి గుండెలో ముల్లులా దిగింది. పంతులుగారికి కబురంపారు. "అమ్మా, అమావాస్య ఇవాళ పొద్దెక్కాక వచ్చి రేపు పొద్దెక్కాక పోతుంది. ఇవాళా శాస్త్రమే, రేపూ శాస్త్రమే" అని ఆయన తిరిగి కబురంపాడు. ఆయనకి రెండు రోజులూ పిలుపులున్నాయి మరి.

ఇంతలో నాగవల్లి మొగుడు శ్రీనివాసరాజు రొయ్యల చెరువు మీంచి వచ్చాడు. అమావాస్యకి రొయ్యలు పాత పెంకు విడుస్తాయి. ఆ సంగతి భీమవరం చుట్టుపక్కల పుట్టినవాడికి ఉగ్గుపాలతోనే తెలుస్తుంది.

"రొయ్యలేమంటున్నాయి నాయనా?" అన్నారు అలివేలుమంగగారు.

"తూర్పు చెరువులో విడిచేశాయమ్మా. పడమటి చెరువులో ఒక్కటీ విడవలేదు."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "పడమటి చెరువులోకి రొయ్యపిల్ల ఎక్కణ్ణించి తెచ్చావు?"

"కాకినాడ హేచరీ నుంచమ్మా."

"అదీ సంగతి" అన్నారావిడ.

"ఇంత గొడవెందుకూ, ఇప్పుడు తినేసి రేపు చేస్తే పోలా?" అన్నాడు శ్రీనివాసరాజు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకురా. నువ్వెళ్ళి మేత చూసుకో."

అతను వెళ్ళాక ఆవిడ తీర్పు చెప్పారు. "ఇవాళ పూజ వద్దు, తిండీ వద్దు. రేపు ఇంకోసారి కనుక్కుని చేద్దాం. మంచినీళ్ళు తాగుతూ ఉండమ్మా."

"ఆయ్, అలాగేనండి" అంది నాగవల్లి. అంది గానీ, ఏది అలాగో ఆమెకి తెలీలేదు. ఇవాళ అమావాస్య కాకపోతే తినొచ్చు. అమావాస్యే అయితే పూజ చెయ్యాలి. పూజ చెయ్యకుండా తినకుండా ఉండే రోజుని ఏమంటారో ఏ కాలెండర్లోనూ లేదు.

మధ్యాహ్నం ప్రణతి లేచి పాలకి ఏడ్చింది. పిల్ల నోరు పెట్టింది, లాగింది, వదిలేసి మళ్ళీ ఏడ్చింది. అటు మార్చినా అంతే. పాలు చాల్లేదు. పిల్ల మొహం కందిపోయింది. నాగవల్లి కాసేపు కంద మొక్క వైపు, కాసేపు పిల్ల వైపు చూసింది.

తర్వాత పిల్లని ఒళ్ళో వేసుకునే పీట ముందు కూర్చుంది. దీపం వెలిగించింది, పసుపూ కుంకం వేసింది, కందకో తోరం కట్టి, పిల్ల చేతికి కట్టి, తనూ కట్టుకుంది. గారెలు నైవేద్యం పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఒకటి తీసి కొరికింది.

అలివేలుమంగగారు గుమ్మంలో నిలబడిపోయారు.

"పిల్ల కోసం పట్టే నోముకి పిల్ల ఏడుస్తోందండి అత్తయ్యగారూ."

ఆవిడ పీట దగ్గరికి వచ్చి దీపం, తోరాలు ఒక్కొక్కటే చూశారు. చివరికి, "కథ చదవలేదుగా" అన్నారు.

"మీరు చెప్పండి. వింటాను."

ఆవిడ అక్షింతలు పట్టుకుని కూర్చుని కథ చెప్పారు. ఏటేటా బిడ్డలు పోయే తల్లి కథ అది. బిడ్డలు పోయే చోటికి రాగానే ఆవిడ ఆగి, ప్రణతి వంక చూసి, ఆ ముక్క మొత్తం వదిలేసి బిడ్డలు లేచొచ్చే దగ్గర్నించి అందుకున్నారు. నాగవల్లి నములుతూ "ఆయ్" కొట్టింది. కథయ్యేసరికి పిల్ల కడుపు నిండి నిద్రపోయింది.

మంగళవారం పొద్దున్న అలివేలుమంగగారి కాఫీ గ్లాసు తొరక కట్టి అలాగే ఉంది.

"తాగరేంటండి?"

"కడుపులో బాలేదమ్మా. నిన్న గారెలు ఎక్కువయ్యాయి."

నిన్న ఆవిడ ఒక్క గారె కూడా ముట్టలేదు. నాగవల్లి ఏదో అనబోయేలోగా ఆవిడే గొంతు తగ్గించారు. "ఏమో, ఇవాళేనేమో. ఎందుకైనా మంచిదని. మీ అమ్మతో అనకు."

ఫోను మోగింది.

"టిఫిన్ చేశావామ్మా?" అంది నాగవల్లి.

"ఇవాళ తినడమేంటే? నిన్న కూడా తినలేదు" అంది లోవలక్ష్మి నీరసంగా. "మీ అత్తగారు చెప్పిందే నిజమేమో, పసిపిల్ల విషయం కదా. ఆవిడతో మాత్రం అనకు."

నాగవల్లి రిసీవరు పట్టుకుని నిలబడింది. వంటింట్లోంచి అలివేలుమంగగారు, "ఏవంటున్నారు వదినగారు?" అన్నారు.

"మిమ్మల్ని అడిగారండి" అంది నాగవల్లి.