బొట్టు చూసి చెప్పే పద్ధతి

బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో బేరింగ్ రింగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ. లేతు యంత్రం మీద ఉన్న రింగును ఫొటో తీసి, అది మంచిదో చెడ్డదో కంప్యూటరే చెప్పాలని మేనేజరు పద్మనాభానికి కోరిక పుట్టింది. ఆ పని అంబికకూ హర్షకూ విడివిడిగా అప్పగించాడు. ఎవరి పద్ధతి నెగ్గితే వాళ్ల ఉద్యోగం ఖాయం, రెండోవాళ్లకు నెలాఖరున వీడ్కోలు. అంబిక సర్జాపురలో కొత్తగా అద్దెకు దిగింది, ఇంకా పెట్టెలు కూడా విప్పలేదు.

హర్ష ఫొటోలన్నీ పేకముక్కల్లా కలిపేసి, సగంతో కంప్యూటరుకు నేర్పించి మిగతా సగంతో పరీక్ష పెట్టాడు. సరైన జవాబులు తొంభైతొమ్మిది శాతం! అంబిక మాత్రం ఏ యంత్రం ఫొటోలు ఆ యంత్రంతోనే ఉంచి, కొన్ని యంత్రాలతో నేర్పించి, తన పద్ధతి ఎన్నడూ చూడని యంత్రాల మీద పరీక్షించింది. డెబ్భైనాలుగు. హర్ష పద్ధతిని అలాగే పరీక్షిస్తే అరవై కూడా దాటలేదు. అది రింగు మొహమే చూడటం లేదు. పాత లేతు కనిపిస్తే చెడ్డది, కొత్తది కనిపిస్తే మంచిది. మహా జ్ఞానం!

“సార్, చదివిన మెషీన్ల మీదే పరీక్ష పెడితే కాపీ కొట్టినట్టే కదా?” అంది అంబిక.

“తొంభైతొమ్మిది పెద్దదా, డెబ్భైనాలుగు పెద్దదా? అంత లెక్క నాకూ వస్తాదమ్మా.”

“అంబిక కొంచెం ఓవర్‌థింక్ చేస్తోంది సార్,” అని హర్ష జాలిపడ్డాడు.

ఆయుధపూజ ముందురోజు, లేతుల మీద పనిచేసే మునిస్వామి యంత్రాలన్నీ శుభ్రంగా కడిగించాడు. ఆ మధ్యాహ్నం నుంచి హర్ష పద్ధతికి మతిపోయింది. నిగనిగలాడే రింగులన్నీ చెత్తడబ్బాలో పడ్డాయి. అంబిక పాత ఫొటోలు తెచ్చి చూపించింది. ప్రతి యంత్రం మీదా పోయిన ఏడు పూజలో పెట్టిన కుంకుమబొట్టు, ఒక్కోదానికి ఒక్కో చోట. పద్ధతి యంత్రాన్ని ఆనవాలు పట్టింది ఆ బొట్టుతోనే.

ఇక తన పద్ధతే గెలిచిందని అంబిక గుండె తేలికపడింది.

పద్మనాభం గడ్డం నిమురుకున్నాడు. “అంతేనా? రేపు పూజలో, ఫొటోలో ఎక్కడ ఉండాదో అక్కడే బొట్టు పెడితే సరి. ఆ పని నీదే అంబికా. నీ ఉద్యోగమూ ఖాయం.”

“కొలతబద్ద పెట్టి బొట్టు పెట్టేది నేను యాడా చూడలేదప్పా,” అంటూ మర్నాడు మునిస్వామి ఆమెకు కుంకుమభరిణె అందించాడు. అంబికకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. అయినా ఫొటో చూసుకుంటూ పాత లేతుకు బొట్టు పెట్టింది. వెంటనే తెర మీద ‘చెడ్డది’ అని వెలిగింది.

“చూస్తివా, ఎంత బాగా పనిచేస్తా ఉండాదో!” అని పద్మనాభం చప్పట్లు కొట్టాడు.

పూజరోజు కావడంతో ఆ లేతు మీద రింగే లేదు.