నా ముఖం మీద రాసిన పేరు

బ్యానరు ఈసారి గేటుకు కాదు, వరండాకు కట్టాలి. పోయినసారి గాలికి చిరిగింది. మంచినీళ్ల ట్యాంకరుకు పంచాయతీలో చెప్పాలి. టెంట్‌హౌస్ నుంచి పన్నెండు కుర్చీలు తేవాలి. శాలువాలు మూడు. ఆరో తరగతి గోడ మీది బూజు దులపాలి. పిల్లలందరూ తల దువ్వుకుని రావాలని ప్రార్థనలో చెప్పాలి. ఫొటోలు తీసే మనిషికి పదిన్నరకే రమ్మని ఫోను చేయాలి. డప్పుల మీద సంస్థ పేరు స్పష్టంగా రాయించాలి.

ఈ జాబితాను హెడ్మాస్టరు ప్రసన్నలక్ష్మి మేడం స్వయంగా రాసి, ఆఫీసు గదిలోని బీరువా తలుపుకు అంటించింది. ఆ బీరువాలో ఉన్నది నేనే. కాబట్టి తలుపు తెరిచిన ప్రతివాడూ దాన్ని పైకి చదవడం నేను విన్నాను. అందులో అన్నీ ఉన్నాయి. ఒక్క పని లేదు. పొయ్యి దగ్గర ఇంత నిప్పు ఉంచాలని ఎవరూ రాయలేదు. నిప్పు సెగ తగలకపోతే నాకు గొంతు రాదు.

నేను ఒక డప్పును. మెదక్ వైపు ఒక ఊళ్లో, పోచయ్య అనే మనిషి చేతిలో పుట్టాను. వేపచెక్క ముక్కలను గుండ్రంగా అతికి నాకు చట్రం కట్టాడు. దూడతోలును నానబెట్టి, బూడిద రుద్ది, వెంట్రుకలన్నీ గీకి, చింతగింజల జిగురు పూసి ఆ చట్రం మీదికి లాగి బిగించాడు. మూడు రోజులు నీడలో ఆరాను. నాలుగో రోజు ఎండుగడ్డి మంట మీద నన్ను కాచి, కుడిచేత సిర్ర అనే పొట్టి లావుకర్ర, ఎడమచేత సన్నపుల్ల పట్టి ఒక్క దెబ్బ వేశాడు. వాడకట్టులోని కుక్కలన్నీ లేచాయి. నా పుట్టుకకు అవే సాక్షులు.

పోచయ్య తర్వాత ఆయన కొడుకు మైసయ్య భుజానికి ఎక్కాను. తోలు రెండుసార్లు మార్చారు, చట్రం మాత్రం అదే. మనుషుల గురించి నాకు తెలిసినంత చాలామందికి తెలియదు. పెళ్లికి నేను ముందు నడవాలి, విందుకు మాత్రం వెనక కూర్చోవాలి. చావుకు నేను లేనిదే పాడె లేవదు. అయినా ఏడ్చేవాళ్లలో నన్ను ఎవరూ లెక్కపెట్టరు. ఒక ఎన్నికల్లో పొద్దున ఒక జెండా ముందు, సాయంత్రం ఇంకో జెండా ముందు మోగాను. రెండు చోట్లా మైసయ్యను ఒకే మాటతో పిలిచారు: "ఒరే మైసిగా, గట్టిగ కొట్టురా!"

నలభై ఎనిమిదేళ్ల మనిషిని అలా పిలుస్తారు. ఆయన కూడా అలవాటుపడ్డాడు. అలవాటుపడటమంటే నొప్పి లేకపోవడం కాదని ఆయన భుజం మీద ఉన్న నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. పేరు పల్లెదరువు కళావేదిక. వాళ్లకూ ఊరి హైస్కూలుకూ ఒక ఒప్పందం కుదిరింది. వాయిద్యాలు, నేర్పేవాడి జీతం వేదికవి. గది, వారానికి రెండు పీరియడ్లు, పిల్లలు బడివి. ఒక సంవత్సరం చూస్తారు. ఏడాది చివర వచ్చి పిల్లలు వాయించింది వింటారు. నచ్చితే ఇంకో మూడేళ్లు, నచ్చకపోతే అంతటితో సరి. మొత్తం మూడు డప్పులు కావాలన్నారు. మైసయ్య రెండు కొత్తవి చేశాడు. మూడోదానికి తోలు దొరకక నన్నే ఇచ్చేశాడు. నా చట్రం మీద తెల్ల సున్నంతో 'మూడు' అని రాసి స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. ముప్పై ఏళ్లుగా ఉన్న 'మైసయ్య డప్పు' అనే పేరు పోయి నాకు అంకె వచ్చింది.

మొదటి శుక్రవారం మైసయ్య ఉతికిన చొక్కా వేసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చెప్పులు విప్పబోయాడు. ఎనిమిదో తరగతి నవనీత పరుగెత్తుకొచ్చింది.

"డప్పు సార్, మా క్లాసు గిటు!"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరో సారు ఉన్నాడేమోనని. ఎవరూ లేరు. ఆ రోజు ఆయన వేసిన దెబ్బల్లో మొదటి మూడూ తప్పాయి. నా జీవితంలో ఆయన చెయ్యి తప్పడం అదే మొదలు.

ఏడాదంతా అలా గడిచింది. ప్రతి శుక్రవారం భోజనాల తర్వాత పిల్లలు మమ్మల్ని వంటషెడ్డు వెనక్కి తీసుకెళ్లేవారు. అక్కడ ఐలవ్వ ఉండేది. మధ్యాహ్న భోజనం వండే మనిషి. అన్నం దించాక పొయ్యిలో మిగిలిన నిప్పును కట్టెతో బయటికి తోసి, మాకోసం వదిలేది. తోసి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడేది. ఒక్కనాడూ నన్ను ముట్టలేదు.

"పట్టుకో అవ్వా, కాలుతది," అని నవనీత ఒకసారి నన్ను ఆమె చేతికి ఇవ్వబోయింది.

"నాకెందుకు బిడ్డా, నా చేతులు అన్నంల ఉంటయి," అని ఐలవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది.

కారణం నాకు తర్వాత తెలిసింది. ఆమె వంటకు చేరిన కొత్తలో, ఫలానా కులం మనిషి వండితే మా పిల్లలు తినరని నలుగురు తండ్రులు బడికి వచ్చి గొడవ చేశారు. మేడం గట్టిగా నిలబడ్డందుకు ఆమె పని పోలేదు. ఆ నలుగురిలో నవనీత నాన్న ఒకడు, కిరాణా కొట్టు సత్తయ్య. అప్పటి నుంచి ఐలవ్వ ఎవరి నోటికీ సందు ఇవ్వకుండా బతుకుతోంది. తోలు ముట్టిన చేత్తో అన్నం వండిందనే మాట పుట్టకూడదని నాలుగడుగుల దూరం పాటించింది. ఆమె పుట్టినింట్లో డప్పులు చేసేవారనీ, చిన్నప్పుడు తోలు గీకే పని ఆమెదేననీ మైసయ్యకు తెలుసు. ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

వేదిక వాళ్లు వచ్చే శుక్రవారం దగ్గరపడింది. ఒప్పందంలో ఒక షరతు ఉందట: సంస్థ ఇచ్చిన ప్రతి వస్తువు మీదా సంస్థ పేరు కనిపించాలి. మేడం చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. తనింట్లో మొదట చదువుకున్నది తానే కాబట్టి కాగితం మీది మాట తప్పితే చదువుకు మచ్చ అనుకుంటుంది. గురువారం బోర్డులు రాసే పెయింటరును పిలిపించింది. ఆ రోజు మైసయ్య అరువు డప్పు పట్టుకుని పక్కూరికి చావుకు వెళ్లాడు. అది ఎగ్గొట్టలేని పని.

పెయింటరు నన్ను తిప్పి తిప్పి చూశాడు. "చుట్టూ చెక్క మీద గింత పెద్ద పేరు పట్టది మేడం. ముందట రాస్త, మస్తు కనబడ్తది."

"స్పష్టంగా ఉండాలె. దూరం నుంచి చదవాలె," అంది మేడం.

నీలిరంగు ఎనామెల్‌తో, నా తోలు నిండా, నీడ గీతలతో సహా 'పల్లెదరువు కళావేదిక సౌజన్యం' అని రాశాడు. మూడింటికీ రాశాడు. అక్షరాలు నిజంగానే చాలా బాగున్నాయి.

శుక్రవారం పొద్దున్నే మైసయ్య వచ్చాడు. వంటషెడ్డు వెనక నన్ను సెగకు పట్టి, వేలితో తట్టాడు. మళ్లీ తట్టాడు. సిర్రతో కొట్టాడు. గోనెసంచిని కొట్టినట్టు వినిపించింది.

"గిదేంది మేడం?" అన్నాడు. "మొకం నిండ రంగు పూసిండ్రు. తోలు ఊపిరి పీల్చేదెట్ల?"

మేడం ముఖం తెల్లబోయింది. "రంగు ఆరితే మోగదా మైసయ్యా?"

"ఆరినంక ఇంకా గట్టిపడ్తది. రాయి అయితది. పొద్దున తొమ్మిదైంది, వాళ్లు పదకొండుకొస్తరు. కొత్త తోలు బిగిస్తె ఆరెతందుకె మూడొద్దులు. ఇగ అయిపాయె మేడం." చేతిలో సిర్రను తువ్వాలులో చుట్టడం మొదలుపెట్టాడు. "రేపటికెళ్లి నేను మల్ల మైసిగాన్నే."

నవనీత ఆ తువ్వాలు పట్టుకుని ఆపింది.

"గీకరాదా సార్?"

"నిన్నంత చావుకాడ కొట్టిన చేతులివి బిడ్డా, పట్టు తప్పుతయి. పాత తోలిది. ఒక్క గీత లోతుకు దిగితె పర్రున చినుగుతది."

"గీకితే పేరు పోతది కదా," అంది మేడం మెల్లగా. "పేరు లేకపోతే షరతు తప్పినట్టే. వాళ్లు ఒప్పందం అక్కడే ఆపొచ్చు."

"పేరు చదువుతందుకు వస్తున్నరా మేడం, దరువు ఇంటందుకు వస్తున్నరా?" అంది నవనీత.

మేడం నా ముఖం మీది పేరును వేలితో ఒకసారి తడిమింది. తర్వాత అంది, "గీకండి. అడిగితే నేను చెప్పుకుంటా."

కానీ గీకేదెవరు? అప్పుడు వెనక నుంచి నాలుగడుగులు నడిచి వచ్చిన చప్పుడు విన్నాను. ఐలవ్వ చీరకొంగుకు చేతులు తుడుచుకుని, పొయ్యిలోంచి జల్లెడ పట్టినంత మెత్తటి బూడిద తీసింది. సాంబారు గిన్నెలోని అరిగిన స్టీలు చెంచా ఒకటి తెచ్చింది.

"ఐలవ్వా, నువ్వెందుకు?" అన్నాడు మైసయ్య. "ఎవలన్న జూస్తె నీ కొలువుకే మోసం. గేటుకాడ సత్తయ్య ఉన్నడు, బిడ్డను దింపెతందుకు వచ్చిండు."

"సూడనియ్యి. నా చేతులు ఏం మరిచిపోలే," అంది ఆమె. "ముందుగాల ఈ ముసలిదాన్ని ఇయ్యి. కొత్తయి ఎట్లన్న తట్టుకుంటయి."

ముసలిది అంటే నేనే. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుంది. సెగకు దూరంగా, దగ్గరగా, మళ్లీ దూరంగా పట్టుకుంది. రంగు మెత్తబడింది. బూడిద చల్లి చెంచా అంచును పడుకోబెట్టి, తోలు నిడివినే లాగింది. అడ్డంగా ఒక్కసారి కూడా లాగలేదు. 'సౌజన్యం' ముందు పోయింది. 'కళావేదిక' కొంచెం మొరాయించింది. పోచయ్య ఇంట్లో నన్ను మొదటిసారి గీకిన చేతులు కూడా ఇలాగే ఉండేవి. నలభై ఏళ్లుగా ఏ తోలూ ముట్టని వేళ్లకు ఇంత జ్ఞాపకం ఉంటుందని నేననుకోలేదు. ఒకచోట చెంచా ఆగింది. తోలు పలచబడి వెలుతురు కనిపిస్తోందని నాకు తెలిసింది. ఆమెకూ తెలిసింది. అక్కడ ఒక నీలిచుక్కను వదిలేసింది.

"ఇది ఉండనియ్యి. దిష్టి సుక్క," అంది. తర్వాత మిగతా రెండింటినీ గీకింది.

గేటు దగ్గర సత్తయ్య ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. కొట్టు తెరిచే వేళ దాటినా వెళ్లలేదు.

పదకొండూ పావుకు వేదిక వాళ్లు దిగారు. పెద్దాయన పేరు శేషగిరి. కుర్చీలో కూర్చుని ముందు నా ముఖమే చూశాడు.

"మా పేరెక్కడమ్మా?"

మేడం లేచి నిలబడింది. "రాయించాను సార్. రాయిస్తే డప్పు మూగబోయింది. పొద్దున గీకించాను. తప్పు నాది. ముందు వినండి, తర్వాత మీ ఇష్టం."

పిల్లలు వాయించారు. నన్ను పట్టుకున్నది నవనీత. మొదట నడక దెబ్బ, తర్వాత పెళ్లి దెబ్బ. ఆ తర్వాత ఎవరూ అనుకోనిది, చావు దెబ్బ. దాన్ని మైసయ్య ప్రత్యేకంగా నేర్పాడు. 'మనిషిని సాగనంపే దరువును చిన్నచూపు చూడొద్దు' అని చెప్పి నేర్పాడు. నా పలచని చోట పుల్ల తగిలినప్పుడల్లా ఒక సన్నని మోత వచ్చింది. కొత్త తోలుకు అది రాదు. వరండాలో బ్యానరు మళ్లీ ఊడి వేలాడింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆగాక శేషగిరి నా నీలిచుక్కను వేలితో ముట్టి చూశాడు. తర్వాత నవ్వాడు. "మా పేరు గోడ మీద రాయించండమ్మా. దాన్ని ఎవరూ కొట్టరు." మూడేళ్లకు సంతకం అక్కడే చేశాడు. "మీ డప్పు సారును పిలవండి, ఫొటో తీసుకుందాం," అన్నాడు. మైసయ్య ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఫొటోలో అందరూ ఉన్నారు. ఐలవ్వ లేదు. అన్నం దించే వేళ అయింది, ఆమె పొయ్యి దగ్గర ఉంది. భోజనాల గంట కొట్టాక వరుసలో మొదట నవనీత నిలబడింది, కళ్లు గేటు వైపే పెట్టుకుని. సత్తయ్య లోపలికి వచ్చాడు. పిల్ల చెయ్యి పట్టి లాక్కుపోతాడని మైసయ్య ఒక అడుగు ముందుకేశాడు. సత్తయ్య తన కూతురి వెనక వరుసలో నిలబడ్డాడు.

"నాక్కూడ ఇంత పెట్టు ఐలవ్వా. పొద్దున్నే వచ్చిన, ఏం తినలే," అన్నాడు.

ఆమె గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత నిండుగా పెట్టింది.

ఇది జరిగి ఐదేళ్లయింది. మూడేళ్ల ఒప్పందం ముగిసి ఇంకో ఒప్పందం నడుస్తోంది. నవనీత కాలేజీకి వెళ్లింది. నా పలచని చోటు చివరికి చిరిగింది. చింతలేదు, చేయాల్సిన పని చేశాకే చిరిగింది. నన్ను పారేయకుండా డప్పుల గది గోడకు తగిలించారు. నీలిచుక్క ఇంకా ఉంది. నా పక్కనే గోడ మీద, నీడ గీతలతో, సంస్థ పేరు ఉంది. దాని కింద దాతల పేర్లు, సారు పేరు, మేడం పేరు ఉన్నాయి. వాళ్లు ఆ గౌరవానికి తగినవాళ్లే.

మీరెప్పుడైనా ఆ బడికి వస్తే గోడ మీది పేర్లన్నీ చదవండి. చదివాక వంటషెడ్డు వెనక్కి ఒకసారి వెళ్లండి. పొయ్యి పక్కన అరిగిన స్టీలు చెంచా ఒకటి గోడ సందులో దోపి ఉంటుంది. ఏ గోడ మీదా పేరు లేని ఐలవ్వను తలుచుకోండి. కొలువు పోతే పోనీ అని నన్ను ఒళ్లో పెట్టుకున్న మనిషి ఆమె. దయచేసి ఆ పేరు గుర్తుంచుకోండి.