ఎత్తే మనిషి

"ఏమోయ్, ఆ గ్యాస్ బండ కాస్త లోపల పెట్టేయ్. నాకు నడుము పట్టేస్తుంది," అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండానే.

ఆమె ఆ బండను పిల్లిని ఎత్తినంత సులువుగా ఎత్తి వంటింట్లో పెట్టి వచ్చింది. పెట్టాక గానీ తను చేసిన పొరపాటు తెలియలేదు. ఇదివరకైతే బండను మూలుగుతూ దొర్లించేది. ఆ మూలుగు విని ఎవరో ఒకరు, విసుక్కుంటూనైనా, ఓ చెయ్యి వేసేవారు. ఇప్పుడు మూలుగూ లేదు, వచ్చే చెయ్యీ లేదు.

దీనికంతటికీ మూలం భుజం నొప్పి. నలభై దాటాక ఓ ఉదయం జడ వేసుకోబోతే చెయ్యి పైకి లేవనంది. వీధి చివరి పాత గోదాములో ఓ జిమ్నాస్టిక్స్ టీచరమ్మ పెద్దవాళ్ళకు కూడా సాయంత్రాలు నేర్పుతుందని విని వెళ్ళింది. ఇనప కడ్డీ పట్టుకుని వేలాడటమే మొదటి పాఠం. "గబ్బిలాల బడిలో చేరావటే?" అంది అత్తగారు. పోగా పోగా గబ్బిలం గడ్డాన్ని కడ్డీ పైకి తెచ్చింది. జడ చేతికందింది. నేల మీంచి లేస్తే మోకాళ్ళు టపటపమనడం మానేశాయి. కూరల సంచులతో మెట్లన్నీ ఎక్కినా ఆయాసం లేదు. అయినా ఆమెకు ముద్దొచ్చింది ఇవేవీ కాదు, రోజూ సాయంత్రం గోదాములో గడిపే ఆ గంటసేపు. కడ్డీకి వేలాడుతున్న మనిషిని మంచినీళ్ళు తెమ్మని ఎవరడుగుతారు?

బలం మాత్రం దాగలేదు. "బీరువా కింద ఊడవాలంటే మా ఆవిడ బీరువానే పక్కకి ఎత్తి పెడుతుంది," అని మొగుడు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ మాట వీధి చివరికి చేరేసరికి, ఆవిడ ఇల్లంతా ఎత్తి, కింద ఊడ్చి, పై అంతస్తువాళ్ళ కాఫీ తొణక్కుండా మళ్ళీ దించేసిందట! ఆమె పనిచేసే బట్టల కొట్టు యజమాని మాత్రం నవ్వలేదు. "పై అరలో తానులు దించడానికి వేరే మనిషెందుకమ్మా, మీరుండగా?" అన్నాడు. బండి లాగే ఎద్దు కాస్త బలిసిందని ఇంకో బస్తా వేసినట్టు, ఒంట్లోకి వచ్చిన బలమంతా వచ్చినట్టే పనుల్లోకి పోయింది. ఒకసారి కావాలని మూలిగి చూసింది కూడా. "గొంతు పట్టిందా? వేడినీళ్ళు తాగు," అన్నాడు భర్త.

ఈలోగా అత్తగారు తుంటి విరిగి మంచాన పడింది. రోజూ సాయంత్రం ఓ ఆయా వచ్చి ఆవిడను మంచం మీంచి కుర్చీలోకి మార్చేది. ఓ రోజు ఆమె గోదాముకు బయల్దేరుతుంటే భర్త సరదాగా చెప్పాడు.

"ఆయాను మాన్పించేశాను. నువ్వొక్కదానివే ఎత్తగలవు కదా! నీ కసరత్తూ ఇంట్లోనే అయిపోతుంది."

తనే ఓ జోకేసుకుని తనే నవ్వాడు.

సంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది ఆమె. ఎత్తలేనందామా? అబద్ధం, అదీ వీధి వీధంతా తెలిసిన అబద్ధం. ఎత్తుతానందామా? ఇవాళ్టితో ఆ గంట పోయినట్టే, ఇక ఎప్పటికీ రాదు. నొప్పితో ఉన్నప్పుడు కూడా ఈ ఇల్లు ఇంత ఇరుకుగా లేదు. ఇంకాస్త బలం తెచ్చుకుంటే ఇంకెవరిని నెత్తిన పెడతారో! మంచం మీంచి అత్తగారు, "ఎంతసేపే, వెన్ను లాగేస్తోంది," అంటోంది. పాపం, ఆవిడ తప్పేముంది?

ఆమె సంచి కింద పెట్టింది.

"ఏవండీ, ఇలా రండి."

"నేనా? నా నడుము..."

"నడుము కాదు, మోకాళ్ళు వంచండి. ఒక చెయ్యి వీపు కింద, ఇంకోటి మోకాళ్ళ కింద. అత్తయ్యను గుండెకి ఆనించుకోండి. ఆఁ, ఇప్పుడు లేవండి."

తల్లిని ఎత్తుకుని లేచాడు. అంత పెద్ద మనిషి మొహం కందగడ్డలా ఎర్రబడింది. పడితే పట్టుకోవడానికి ఆమె పక్కనే ఉంది, చేతులు చాచి, ముట్టుకోకుండా.

"ఒరే, చేతులు వణుకుతున్నాయిరా నీకు!" అని అరిచింది అత్తగారు. "ఏమే, చూస్తూ నిలబడతావేం? నువ్వు పట్టుకోవే!"

ఆమె పట్టుకోలేదు. అతను రొప్పుతూ, ఒక్కో అంగుళమే తల్లిని కుర్చీలోకి దించేదాకా ఆగింది. ఆ తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది:

"మొదట్లో అందరికీ వణుకుతాయి అత్తయ్యా. రోజూ ఎత్తితే అదే తగ్గిపోతుంది."